గౌస్‌సాబ్ ఆడిన యుద్ధం

పెనుకొండ నుంచి హిందూపురానికి రోజూ ప్యాసింజర్‌లో వచ్చిపోయే గౌస్‌సాబ్‌ను ఆ రైల్లో ఎరగనివాళ్లు లేరు. నలభై ఆరేళ్ల మనిషి. మిలిటరీలో పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చి ఏడేళ్లయినా చొక్కాకు ఇస్త్రీ మడత తప్పనిచ్చేవాడు కాదు. ఎడమ చెవి వినపడదు. ఎవరైనా పలకరిస్తే మొహం పక్కకు తిప్పి కుడి చెవి వాళ్లకు అప్పగించేవాడు. కొత్తవాళ్లకు అది పొగరులా కనిపించేది. రెండు మాటలు మాట్లాడాక, ఇంత మెత్తని మనిషి మిలిటరీలో ఎట్లా నెగ్గుకొచ్చాడా అనుకునేవాళ్లు.

సొంతూరు తాడిమర్రి. అక్కడి మెట్టచేను వానల్ని నమ్ముకుని ఏటా విత్తనం మింగడమే తప్ప తిరిగి ఇచ్చింది తక్కువ. అందుకని పెన్షన్ వచ్చాక పెనుకొండలో, కొండ కింద చిన్న ఇల్లు చూసుకుని భార్య ఖాతూన్‌బీతో కాపురం పెట్టాడు. ఒక్కడే కొడుకు, మాబుసాబ్. పదో తరగతి పాసయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగి, ఎనభై నాలుగులో ఒకరోజు వచ్చి, "నాయనా, నేను మిలిటరీకి పోతాండా. అనంతపురంలో సెలక్షన్ అయిపోయింది" అన్నాడు. ఖాతూన్‌బీ మొగుడి మొహం చూసింది, ఈయనైనా వద్దంటాడేమోనని. తాను నడిచిన దారినే కొడుకు నడుస్తానంటే ఏ నోటితో వద్దనాలో గౌస్‌సాబ్‌కు తెలియలేదు. "నీళ్ల సీసా ఎప్పుడూ నిండుగా పెట్టుకోరా" అన్నాడు.

హిందూపురంలో ఆయన చేసేది అటెండరు పని, చిన్నస్వామి కంప్యూటర్ స్కూల్లో. చిన్నస్వామికి ఇరవై ఎనిమిదేళ్లు. బెంగళూరులో ఇంజనీరింగు చదివి, అక్కడ ఉద్యోగం చేయకుండా సొంతూరికి వచ్చి, బజారులో ఒక మేడ మీద రెండు కంప్యూటర్లు పెట్టి పాఠాలు మొదలుపెట్టాడు. అప్పటికి ఊళ్లో కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లే తక్కువ. పొద్దున తాళం తీయడం, దుమ్ము తుడవడం, కరెంటు పోయినప్పుడు పరుగున పోయి స్విచ్చులన్నీ ఆపడం గౌస్‌సాబ్ పని. కుర్చీలన్నీ ఒకే వరసలో, ఒకే దూరంలో ఉండేవి.

ఎనభై ఆరు వానాకాలంలో చిన్నస్వామి బెంగళూరు స్నేహితుడి దగ్గర నుంచి ఒక ఫ్లాపీ తెచ్చాడు. అందులో ఉన్నది యుద్ధం ఆట. జరిగిన యుద్ధం కాదు, రేపో మాపో జరిగితే ఎట్లా ఉంటుందని ఎవరో ఊహించి తయారుచేసిన యుద్ధం. ఒకవైపు రష్యావాళ్లు, ఒకవైపు అమెరికావాళ్లు, మధ్యన జర్మనీ. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలతో నదులు, రోడ్లు, ఊళ్లు. ఒక్కో దళానికి ఒక్కో చిన్న గడి. గడిలో ఒక అంకె ఉంటుంది, అది ఆ దళం బలం. పదితో మొదలై, దెబ్బ తిన్నకొద్దీ తగ్గి, సున్నా అయితే గడి మాయమైపోతుంది. ఆట వంతులవారీగా నడుస్తుంది. మన వంతులో ఎంతసేపైనా ఆలోచించుకుని, ఎవరు ఎటు పోవాలో చెప్పి, ఒక మీట నొక్కాలి. ఆ తరువాత కంప్యూటర్ వంతు. అది మూడు నాలుగు నిమిషాలు గురగురమని తన దళాలను కదిపి మనవాళ్లను కొడుతుంది. అప్పుడు మనం ఏ మీట నొక్కినా పనిచేయదు.

పాఠాలు అయిపోయాక సాయంత్రం పూట చిన్నస్వామి ఆ ఆట ముందు కూర్చునేవాడు. కూర్చున్న ప్రతిసారీ ఓడిపోయేవాడు. వారం రోజులు వెనక నిలబడి చూసిన గౌస్‌సాబ్ ఒకనాడు ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"సార్, ఆ వంతెన కాడ ఉండేవాళ్లను తీయొద్దండి."

"ఎందుకు? వాళ్లు ఆడ ఊరికే ఉండారు గదా."

"ఊరికే ఉన్నెట్లే కనపడతాది. వాళ్లు ఉండబట్టే ఆ పక్క ట్యాంకులు రావడంల్యా."

చిన్నస్వామి నవ్వి, తీసేశాడు. కంప్యూటర్ వంతు రాగానే ట్యాంకులు ఆ వంతెన మీదుగానే వచ్చి వెనకున్న ఊరిని పట్టుకున్నాయి. అతను కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "కూర్చోండి గౌస్‌సాబ్. మీరే ఆడండి."

గౌస్‌సాబ్ పదిహేడేళ్లలో తుపాకీ పట్టింది తక్కువ, వైర్‌లెస్ పట్టింది ఎక్కువ. కల్నల్ పక్కన, మ్యాపు పక్కన కూర్చుని, ఏ కంపెనీ ఎక్కడుందో, ఎవరికి ఏ కష్టం వచ్చిందో చెవులతో విన్న మనిషి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఆయనకు కొత్త కాదు. పది రోజుల్లో ఆట పట్టుబడింది. నెల తిరిగేసరికి కంప్యూటర్‌ను ఓడించాడు. ఆ రోజు చదువుకునేవాళ్లంతా చప్పట్లు కొట్టి, "కల్నల్ సాబ్!" అని అరిచారు. ఆ పేరు బజారంతా పాకింది. టీ అంగడివాడు కూడా, "ఏమప్పా కల్నలూ, రష్యా యాడిదాకా వచ్చినాది?" అని అడిగేవాడు. గౌస్‌సాబ్‌కు సిగ్గుగానూ ఉండేది, సంతోషంగానూ ఉండేది. ఇంటికి పోయి ఖాతూన్‌బీకి చెబితే ఆమె రొట్టె కాలుస్తూ, "ఉత్తుత్తి యుద్ధానికి ఇంత సంబరమా" అంది.

అదే ఆయనకు నచ్చింది, ఉత్తుత్తిది కావడమే. అందులో గడి మాయమైతే మళ్లీ మొదటి నుంచి ఆడొచ్చు. నిజంగా పోయినవాళ్ల సంగతి ఆయనకు తెలుసు.

డెబ్బై ఒకటి డిసెంబరులో ఆయన పంజాబ్ సరిహద్దులో ఉన్నాడు. ఒక కాలువకు ఇవతల బెటాలియన్ ఆఫీసు గుంతలో గౌస్‌సాబ్. కాలువకు అవతల ముందు కంపెనీలో వైర్‌లెస్ మీద ధర్మవరం కుళ్ళాయప్ప. ఇద్దరూ ఒకే ఏడు చేరినవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు. వీళ్లు తెలుగులో మాట్లాడుకుంటే శత్రువుకు అర్థం కాదని అధికారులు కూడా ఊరుకునేవాళ్లు. ఒకరోజు పొద్దున పదకొండుకు ట్యాంకులు ముందు కంపెనీని రెండు వైపులా చుట్టుకోవడం మొదలుపెట్టాయి. వెనక్కి రావడానికి అనుమతి ఇమ్మని కుళ్ళాయప్ప అడిగాడు. గౌస్‌సాబ్ కల్నల్‌కు చెప్పాడు. కల్నల్ పైవాళ్లను అడిగాడు. పైవాళ్లు ఆగమన్నారు.

"గౌసూ, ఏమన్నారప్పా?"

"ఆగప్పా, అడుగుతాండారు."

మధ్యాహ్నం రెండున్నర దాకా కుళ్ళాయప్ప పదకొండుసార్లు అడిగాడు. గౌస్‌సాబ్ పదకొండుసార్లు ఆగమన్నాడు. పన్నెండోసారి వైర్‌లెస్‌లో గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. కాసేపటికి గుంత పక్కనే పడిన ఫిరంగి గుండుతో ఆయన ఎడమ చెవి పోయింది. కాలువ అవతల నుంచి ఆరుగురు తిరిగి వచ్చారు, వాళ్లలో కుళ్ళాయప్ప లేడు.

మరుసటి ఏడు సెలవులో ధర్మవరం పోయి కుళ్ళాయప్ప తల్లి మారెమ్మను చూశాడు. ఆమె పట్టునూలు కండెలు చుట్టుకుని బతికే విధవరాలు. "కడాకు ఏమన్నాడు నాయనా నా బిడ్డ?" అని అడిగింది. గౌస్‌సాబ్, "నిన్నే తలుచుకున్నాడమ్మా" అని అబద్ధం చెప్పి వచ్చేశాడు. ఆ తరువాత ఆ వీధికి పోలేదు.

ఎనభై ఆరు చివర్లో సరిహద్దులో రెండు దేశాల సైన్యాలూ ఎదురెదురుగా చేరుతున్నాయని రేడియోలో వార్తలు మొదలయ్యాయి. రాజస్థాన్ నుంచి మాబు ఉత్తరం డిసెంబరు మొదట్లో వచ్చింది. "మమ్మల్ని ముందుకు తీసుకపోతాండారు. కొన్నాళ్లు జాబు రాకపోతే దిగులు పడొద్దు" అని రాశాడు. తరువాత జాబు లేదు. గౌస్‌సాబ్ రోజూ పోస్ట్‌మన్ దారి కాసి, లేదని చేయి ఊపించుకుని రైలెక్కేవాడు. ఖాతూన్‌బీ అడగడం మానేసింది. ఆయన గడప దాటి వచ్చేటప్పుడు చేతుల వైపు చూసేది, అంతే.

చిన్నస్వామికి మాత్రం ఆ వార్తలు ఉత్సాహం తెచ్చాయి. ఆ ఆటలో మ్యాపు మనమే గీసుకునే వీలుంది, దళాలకు పేర్లూ మనమే పెట్టుకోవచ్చు. పదిరోజులు కూర్చుని రాజస్థాన్ ఎడారి గీశాడు. జనవరి ఇరవై ఆరున ధర్మవరంలో ఒక స్కూలు హాల్లో కంప్యూటర్ ప్రదర్శన పెట్టడానికి మాట్లాడుకుని వచ్చాడు.

"మన దేశం తరఫున మీరే ఆడాల, గౌస్‌సాబ్. హవల్దారు ఆడతాండాడంటే జనం విరగబడి వస్తారు."

"సార్, మా వాడు ఆడనే ఉండాడు. నాకు ఆ మ్యాపు చూస్తేనే..."

"ఇది ఆట కదా గౌస్‌సాబ్! మీరే ఇట్లంటే ఎట్లా?"

గౌస్‌సాబ్ తలూపాడు. చిన్నస్వామి చెడ్డవాడు కాదు. ఖాతూన్‌బీకి జ్వరం వస్తే తన స్కూటర్ మీద డాక్టరును తెచ్చినవాడు. అట్లాంటివాడికి ఏ మాటలతో చెబితే అర్థమవుతుంది?

కంప్యూటర్‌కు బొంతలు చుట్టి జీపులో ధర్మవరం తీసుకుపోయారు. జెండా వందనం అయ్యాక హాలు నిండిపోయింది. మగ్గాలు ఆపి వచ్చిన నేతగాళ్లు, టీచర్లు, వ్యాపారస్తులు, ఆడవాళ్లు కిటికీల దాకా నిలబడ్డారు. వేదిక మీద కంప్యూటర్‌ను పెద్ద టీవీకి తగిలించారు. గౌస్‌సాబ్ పాత మెడల్స్ పెట్టుకుని కూర్చున్నాడు. మ్యాపు వెలిగింది. సరిహద్దు ఈవలగా పద్నాలుగు గడులు. అన్నిటికంటే ముందు, రెండు రోడ్లు కలిసే చోట ఒక గడి. దాని కింద ఇంగ్లీషులో నాలుగక్షరాలు: మాబు.

చిన్నస్వామి మైకు పట్టుకున్నాడు. "మన గౌస్‌సాబ్ కొడుకు ఇప్పుడు నిజంగానే సరిహద్దులో ఉండాడు. ఆయనకు చెప్పకుండా ఆ పేరు పెట్టినా. మన జిల్లా జవానుకు చప్పట్లు!"

హాలు దద్దరిల్లింది. గౌస్‌సాబ్ చెయ్యి మీటల మీద ఆనలేదు. ఒక మాట చెప్పి లేచిపోవచ్చు. మూడొందల మంది చూస్తున్నారు. ఏమని లేస్తాడు?

మొదటి వంతులోనే ఆయన మాబు గడిని వెనక్కి తీశాడు.

"అదేంది గౌస్‌సాబ్!" చిన్నస్వామి చెవిలో అన్నాడు. "అది తీస్తే రోడ్డు పోతాది. మీరే చెప్పింటిరి గదా నాకు."

"తెలుసు సార్."

మీట నొక్కాడు. కంప్యూటర్ వంతు మొదలైంది. ఖాళీ అయిన రోడ్ల మీదుగా ట్యాంకులు లోపలికి దూసుకొచ్చాయి. వెనక ఉన్న మన దళాలు రోడ్డుకు అడ్డంగా ఉన్నందున మాబు గడి దూరం పోలేక మధ్యలో ఆగింది. దాని చుట్టూ మూడు వైపుల శత్రువులు నిలిచారు. దాని బలం పది నుంచి ఆరయింది.

రెండో వంతులో గౌస్‌సాబ్ పక్కనున్న రెండు దళాలను మాబును విడిపించడానికి పంపాడు. అట్లా పంపకూడదని ఆయనకు తెలుసు, ఎడారిలో మాటు లేదు. కంప్యూటర్ వాటిని ఒకదాని తరువాత ఒకటి కొట్టింది. ఒకదాని బలం రెండుకు పడింది, ఇంకొకటి మాయమైంది. ఆ మాయమైన గడికి పేరు లేదు, అంకె మాత్రమే ఉండేది. అందులో ఎవరి కొడుకులున్నారో అనుకున్నాడు గౌస్‌సాబ్. మాబు గడిలో మూడు.

జనంలో ఎవరో అరిచారు. "ఏమబ్బా, ఇట్ల ఆడితే దేశం పోతాది!" నవ్వులు లేచాయి.

గౌస్‌సాబ్ మీటలన్నీ చూశాడు. కదులు, కొట్టు, నిలువు. ఆ ఆటలో ఉన్న ఆజ్ఞలు అవే. ఇక చాలని చెప్పే మీట ఎక్కడా లేదు. చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పరువు పోతోందని చిన్నస్వామి గౌస్‌సాబ్ పక్కకు జరిగి తానే మీటలు అందుకున్నాడు. అతనికి ఒకటి కనిపించింది. శత్రువు ట్యాంకులన్నీ మాబు చుట్టూ చిక్కుకుని ఉన్నాయి. మాబును అక్కడే నిలిపి, మిగిలిన దళాలను రెండు పక్కల నుంచి తిప్పి వెనక నుంచి కొట్టాడు. గౌస్‌సాబ్ నేర్పిన ఎత్తే అది. మూడు వంతుల్లో శత్రువు ట్యాంకులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆఖరి వంతులో మాబు గడి రెండయింది, ఒకటయింది, తరువాత అక్కడ నల్లటి తెర మిగిలింది. గెలిచినట్టు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు వచ్చాయి. జనం లేచి నిలబడి జైకొట్టారు. ఒక పెద్దమనిషి వేదిక ఎక్కి గౌస్‌సాబ్ మెడలో పూలమాల వేశాడు.

ఆయన ఆ మాలతోనే హాలు వెనక నుంచి బయటపడ్డాడు. ఎటు పోతున్నాడో తెలియకుండానే నడిచి, మగ్గాల చప్పుడు వినపడే ఒక సందులోకి తిరిగాడు. మాల తీసి ఒక అరుగు మీద పెట్టాడు. మారెమ్మ ఇంటి ముందు రాట్నం పెట్టుకుని కండెలు చుట్టుకుంటూ ఉంది. ముసలిదైపోయింది. కళ్ల మీద చేయి పెట్టి చూసి, "ఎవురప్పా?" అంది.

"గౌస్‌నమ్మా. కుళ్ళాయప్పతో పాటు ఉన్నెవాణ్ణి."

ఆమె రాట్నం ఆపింది. గౌస్‌సాబ్ గడప దగ్గరే కూర్చుని, పదిహేనేళ్లుగా దాచుకున్నదంతా చెప్పేశాడు. కాలువ సంగతి, ట్యాంకుల సంగతి, పదకొండుసార్లు ఆగమని తానే చెప్పిన సంగతి. "నిన్ను తలుచుకున్నాడని నేను చెప్పింది అబద్ధమమ్మా. వెనక్కి రావచ్చా అనే అడిగినాడు. కడాకు గూడా అదే అడిగినాడు."

మారెమ్మ చేతిలోని కండెను ఒళ్లో పెట్టుకుంది. తరువాత, "రమ్మని నువ్వే చెప్పింటే వచ్చేటోడా?" అంది.

"వచ్చేటోడమ్మా. కానీ అట్ల చెప్పే అధికారం నాకు లేదు."

"మీ దొరకు ఉండాదా?"

"ఆయనా పైవాళ్లను అడగాల."

"ఆ పైవాళ్లు ఎవురు?"

"నాకూ తెలీదమ్మా."

"అయితే నేను ఎవురిని అడగాలప్పా?" అంది మారెమ్మ. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నిజంగానే అడిగింది. కాసేపటికి ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, రైలుకు వచ్చేశాడు.

ఫిబ్రవరిలో రెండు సైన్యాలూ వెనక్కి తగ్గాయి. నెలాఖరుకు మాబు ఉత్తరం వచ్చింది. బాగానే ఉన్నానని, ఎడారిలో చలికి పెదవులు పగిలాయని రాశాడు. ఖాతూన్‌బీ ఆ ఉత్తరాన్ని చదివించుకుని, మళ్లీ చదివించుకుని బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆ తరువాత చిన్నస్వామి ఆట ఆడమని రెండు మూడుసార్లు పిలిచాడు. గౌస్‌సాబ్ కళ్లు మసకగా ఉన్నాయని చెప్పి తప్పించుకున్నాడు. మెల్లగా అతనూ పిలవడం మానేశాడు. కల్నల్ అనే పేరు మాత్రం టీ అంగడిలో ఉండిపోయింది.

ఎండాకాలం మాబు నెల రోజులు సెలవు మీద వచ్చాడు. ఒళ్లు చేసి, మీసం పెంచాడు. ఒకనాడు ఇద్దరూ కొండ పక్కన నడుస్తుండగా గౌస్‌సాబ్ అడిగాడు.

"మాబూ, వచ్చేయడానికి ఏమన్నా దారి ఉండాదేమిరా?"

"సంతకం పెట్టినాను గదా నాయనా. నీకు తెలీదా?"

తెలుసు. అందుకే మళ్లీ అడగలేదు.

ఆ అక్టోబరులో మాబు బెటాలియన్‌ను శ్రీలంకకు పంపారు. రోజూ రేడియోలో ఇంతమంది పోయారని, ఇంతమందికి దెబ్బలు తగిలాయని చెప్పేవారు. పేర్లు చెప్పేవారు కాదు. గౌస్‌సాబ్ కుడి చెవి రేడియోకు ఆనించి వినేవాడు, ఎంత దగ్గరగా విన్నా పేర్లు ఉండేవి కావు. నవంబరు రెండో వారంలో టెలిగ్రాం వచ్చింది. కొడుకు గాయపడ్డాడు, బెంగళూరు మిలిటరీ ఆసుపత్రికి తెస్తున్నారు అని ఉంది. ఖాతూన్‌బీకి "చేతికి దెబ్బ తగిలిందంట" అని చెప్పి ఒక్కడే రైలెక్కాడు. రైలు హిందూపురంలో ఆగితే కిటికీ నుంచి మొహం తిప్పుకున్నాడు, ఎవరైనా పలకరిస్తారేమోనని.

మాబు కుడికాలు మందుపాతర మీద పడింది. పాదం అక్కడే పోయింది. ఆసుపత్రిలో పైదాకా చీము పట్టింది. మోకాలి కింద దాకా తీయాలా, మోకాలి పైదాకా తీయాలా అని డాక్టర్లు రెండు రోజులు చూశారు. గౌస్‌సాబ్ ఆ రెండు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరు తెల్లకోటుతో వచ్చినా లేచి నిలబడేవాడు. వాళ్లు దాటిపోయేవారు. మళ్లీ కూర్చునేవాడు. మూడోనాడు ఒక డాక్టరు ఆగి, మోకాలు మిగిలిందని చెప్పాడు.

మాబుకు తెలివి వచ్చాక మొదట అడిగింది, "అమ్మకు చెప్పినావా నాయనా?" అని.

"చేయికి దెబ్బని చెప్పినా."

"చెప్పు. నేను పోయి చెప్పేకంటే నువ్వే మేలు."

మరుసటి రోజు మధ్యాహ్నం గౌస్‌సాబ్ పెనుకొండలో దిగాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గడప దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు. ఖాతూన్‌బీ చాటలో సెనక్కాయలు ఏరుతూ ఉంది. ఆయన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"చేయి కాదు గదా," అంది.

"కాదు. కాలు."

"యాడికి?"

ఆయన వంగి తన మోకాలి కింద చేయి పెట్టి చూపించాడు.

ఖాతూన్‌బీ ఆ చేతి వైపే చూసింది. "ప్రాణానికి ఏం లేదు గదా," అంది. "కర్రతో నిలబడతాడంట," అన్నాడు గౌస్‌సాబ్, "ఆర్నెల్లకు కట్టె కాలు ఇస్తారంట." ఆమె లేచి లోపలికి పోయి పొయ్యి రాజేసింది. రొట్టెల పిండి తీసుకుంది. "పొద్దున రైలుకు నేనూ వస్తా," అంది లోపలి నుంచి. "ఆడ వాడికి ఏం పెడతాండారో ఏమో."